గుట్టు విప్పకుండా రుజువు చేయడం ఎలా?

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. అతను ఏ కంప్యూటర్‌నీ బద్దలుకొట్టలేదు. ఆన్‌లైన్‌లో దొరికే భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను దించుకున్నాడు. వాటి మీద జనం వేసిన వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లున్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతో ఆ వేలిముద్రలకు నకళ్లు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజుల మీద వేలిముద్ర వేసినవాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఒకచోట సాక్ష్యంగా వేసిన ముద్రతో మరొకడు మరోచోట వాళ్లలాగే చలామణి అయ్యాడు.

పాస్‌వర్డ్‌కూ ఇదే బలహీనత ఉంది. ఓటీపీకీ ఉంది. హోటల్ కౌంటర్‌లో ఇచ్చి వచ్చే ఆధార్ జిరాక్సుకూ ఉంది. ఫలానా మనిషిని నేనే అని నిరూపించాలంటే నా దగ్గరున్న గుర్తును అవతలివాళ్ల చేతికి ఇవ్వాల్సి వస్తోంది. ఇచ్చిన తర్వాత అది వాళ్ల దగ్గరా ఉంటుంది. వాళ్ల దగ్గర్నుంచి ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

నిరూపించడం వేరు, అప్పగించడం వేరు. ఈ రెంటినీ విడదీయవచ్చని గణితం నలభై ఏళ్ల కిందటే చూపించింది. మన గుర్తింపు వ్యవస్థల్లో చాలావరకు ఆ మేలు ఇంకా మనకు అందలేదు. అందుకే ఆ గణితం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో చదువుకున్న ప్రతివారికీ తెలిసి ఉండాలి.

రెండు కీలు, ఒక కొత్త ప్రశ్న

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు అమెరికన్లు గుప్తలిపి శాస్త్రాన్ని మలుపు తిప్పిన ఒక పరిశోధన పత్రం రాశారు. ప్రతి మనిషికీ రెండు కీలు ఉండాలన్నది అందులోని ఆలోచన. ప్రైవేట్ కీ తన దగ్గరే దాచుకోవాలి. పబ్లిక్ కీ లోకమంతా చూడవచ్చు. ప్రైవేట్ కీ ఉన్నవాళ్లే చేయగలిగి, పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా సరిచూడగలిగే లెక్క ఒకటి దొరికితే అదే డిజిటల్ సంతకం అవుతుందన్నారు. మరుసటి ఏడాదే రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అలాంటి లెక్కను కనిపెట్టారు. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలతోనే దానికి ఆర్‌ఎస్‌ఏ అనే పేరు వచ్చింది.

1985లో షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలి, చార్లెస్ రాకాఫ్ అంతకంటే లోతైన ప్రశ్న వేశారు. ఒక నిరూపణ చూసినవారికి 'ఇది నిజం' అన్న ఒక్క సంగతి తప్ప ఇంకేమీ తెలియకుండా ఉండగలదా? ఉండగలదని వాళ్లే చూపించారు. దాన్నే జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటున్నాం. గోల్డ్‌వాసర్, మికాలిలకు 2012 ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

వినడానికి ఇది నమ్మశక్యంగా ఉండదు. రహస్యం బయటపెట్టకుండా అది నాకు తెలుసని ఎలా ఒప్పించగలను? జర్మనీ గణిత శాస్త్రవేత్త క్లాస్ ష్నోర్ 1989లో స్మార్ట్ కార్డుల కోసం రూపొందించిన పద్ధతిని చిన్న సంఖ్యలతో చేసి చూస్తే సంగతి బోధపడుతుంది. కాగితం, పెన్ను ఉంటే చాలు.

23తో ఒక లెక్క

2తో మొదలుపెట్టి వరుసగా 2తో గుణిస్తూ పోదాం. ఫలితం 23 దాటినప్పుడల్లా 23తో భాగించి శేషాన్నే ఉంచుకుందాం. 2, 4, 8, 16 వస్తాయి. తర్వాత 32 రావాలి, 23 పోగా 9 మిగిలింది. ఆపైన 18, 13, 3, 6, 12. పదకొండో మెట్టులో 1 వస్తుంది. అక్కణ్నుంచి వరుస మళ్లీ మొదటికి తిరుగుతుంది. అందుకని మెట్ల లెక్క 11 దాటితే 11తో భాగించి శేషం తీసుకుంటే సరిపోతుంది.

ఒక ఖాతాదారు రహస్య సంఖ్య 7 అనుకుందాం. ఏడో మెట్టులో ఉన్నది 13. ఆ 13 పబ్లిక్ కీ, బ్యాంకు దగ్గర ఉంటుంది. 7 ఖాతాదారు ఒక్కరికే తెలుసు. గుర్తింపు మూడు అడుగుల్లో జరుగుతుంది.

మొదటిది: ఖాతాదారు అప్పటికప్పుడు ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు, 4 అనుకుందాం. దాన్ని చెప్పరు. నాలుగో మెట్టులో ఉన్న 16ను మాత్రం బ్యాంకుకు పంపుతారు.

రెండోది: బ్యాంకు ఒక సవాలు విసురుతుంది, 3 అని.

మూడోది: ఖాతాదారు సవాలును రహస్యంతో గుణించి, తాను ఎంచుకున్న సంఖ్యను కలుపుతారు. మూడు ఏడ్లు ఇరవై ఒకటి, నాలుగు కలిపితే 25. పదకొండుతో భాగిస్తే శేషం 3. ఈ 3 జవాబుగా పంపుతారు.

ఇప్పుడు బ్యాంకు సరిచూస్తుంది. జవాబు 3 కాబట్టి మూడో మెట్టు చూస్తే 8 ఉంది. రెండోవైపు, సవాలు 3 కాబట్టి పబ్లిక్ కీ 13ను మూడుసార్లు వేసి గుణించి 23తో భాగిస్తే శేషం 12. దాన్ని మొదట వచ్చిన 16తో గుణిస్తే 192. 23తో భాగిస్తే శేషం 8. రెండు వైపులా 8 వచ్చింది. బ్యాంకు తలుపు తీస్తుంది. 7 అన్న మాట ఎక్కడా బయటికి రాలేదు.

13ను చూసి అది ఏడో మెట్టని కనిపెట్టలేరా అంటే, ఈ చిన్న లెక్కలో వేళ్ల మీద చెప్పేయవచ్చు. నిజంగా వాడేటప్పుడు 23 స్థానంలో 600కు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్య గానీ, దానికి సాటివచ్చే ఎలిప్టిక్ కర్వ్ గానీ ఉంటుంది. అప్పుడు మెట్టు నుంచి దాని క్రమసంఖ్యను రాబట్టే వేగమైన దారి నేటి కంప్యూటర్లకు తెలియదు.

ఎందుకు నమ్మాలి?

7 తెలియని మోసగాడు ఈ పరీక్ష నెగ్గగలడా? 16 పంపిన తర్వాత, 3 అన్న సవాలుకూ 5 అన్న సవాలుకూ రెంటికీ సరైన జవాబు ఇవ్వగలవాడు ఒకడున్నాడనుకుందాం. 3కు జవాబు 3. 5కు జవాబు 5 ఏడ్లు 35, నాలుగు కలిపి 39, శేషం 6. సవాళ్ల మధ్య తేడా 2, జవాబుల మధ్య తేడా 3. అంటే రహస్యాన్ని రెట్టింపు చేసి 11తో భాగిస్తే శేషం 3 రావాలి. అలాంటి సంఖ్య 7 ఒక్కటే. రెండు సవాళ్లకు జవాబు చెప్పగలవాడు ఆ రెండు జవాబుల నుంచే రహస్యాన్ని లెక్కగట్టగలడు. కాబట్టి వాడి చేతిలో రహస్యం ఉన్నట్టే. రహస్యం లేనివాడు ఒక్క సవాలుకు మాత్రమే ముందుగా సిద్ధపడి రాగలడు. పెద్ద సంఖ్యల్లో సరిగ్గా ఆ సవాలే ఎదురయ్యే అవకాశం లేనట్టే లెక్క.

ఇక రెండో సంగతి. ఈ సంభాషణ నుంచి బ్యాంకు ఏం నేర్చుకుంది? సవాలును ముందే 2 అని, జవాబును 9 అని మనమే అనుకుని, మొదటి అడుగును వెనక నుంచి లెక్కిద్దాం. తొమ్మిదో మెట్టు 6. 13ను 13తో గుణిస్తే శేషం 8. ఎనిమిదిని దేనితో గుణిస్తే శేషం 6 వస్తుంది? 18తో. అంటే 18, 2, 9 అన్న సంభాషణ సరిచూస్తే పక్కాగా సరిపోతుంది. దాన్ని తయారుచేయడానికి 7 మనకు అక్కర్లేకపోయింది. రహస్యం తెలియనివాళ్లు కూడా కూర్చుని రాసుకోగల సంభాషణలో రహస్యం తాలూకు సమాచారం ఉండే వీలు లేదు. బ్యాంకు సవాలును నిజాయితీగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నంత కాలం ఈ మాట నిలుస్తుంది.

దీనివల్ల వచ్చే గొప్ప లాభం మరొకటుంది. బ్యాంకు ఆ మూడు సంఖ్యలనూ పట్టుకెళ్లి 'ఈయన ఫలానా రోజున మా దగ్గరికి వచ్చాడు' అని మూడోవారి ముందు రుజువు చేయలేదు. అవి బ్యాంకు సొంతంగా కూడా రాసుకోగలిగేవే. ఎదురుగా ఉన్నవారికి నమ్మకం కలిగింది, లోకానికి సాక్ష్యం మిగల్లేదు. నమ్మకం అంతా వరుసలో ఉంది. ముందు మాట, తర్వాత సవాలు, ఆ తర్వాతే జవాబు.

గుర్తింపు సంతకంగా మారితే

అమోస్ ఫియట్, ఆది షమీర్ 1986లో ఒక కీలకమైన మార్పు సూచించారు. సవాలును ఎదుటి మనిషి కాకుండా హ్యాష్ అనే లెక్క వేయాలి. పంపదలచిన పత్రాన్నీ, మొదటి అడుగులోని సంఖ్యనూ కలిపి హ్యాష్‌లో వేస్తే ఒక సంఖ్య వస్తుంది. అదే సవాలు. అందులో ఒక్క అక్షరం మారినా సవాలు పూర్తిగా మారిపోతుంది, అది ముందే ఏమవుతుందో ఊహించడం కుదరదు. కాబట్టి ఇందాక చేసినట్టు వెనక నుంచి లెక్కించడం ఇక సాధ్యం కాదు. ఎదుట ఎవరూ లేకుండానే నిరూపణ పూర్తవుతుంది. పత్రానికి అంటుకుని ఉంటుంది. ఎవరైనా, ఎప్పుడైనా సరిచూడవచ్చు. ఇలా పుట్టేదీ డిజిటల్ సంతకమే.

మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాల మీద కనిపించేది అధికారి డిజిటల్ సంతకమే. హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ బ్యాంకింగ్ రంగానికి డిజిటల్ సంతకాలకు కావలసిన సర్టిఫికెట్లు జారీ చేసింది. ఏ ఊళ్లోని దరఖాస్తుదారైనా తహసీల్దారును కలవకుండానే కాగితం పొందగలగడం వెనక ఈ సంతకమే ఉంది.

ఆ సంతకం అధికారిదే అని నమ్మాలంటే ఒకే షరతు ఉంది. ప్రైవేట్ కీ ఉన్న డాంగిల్ అనే చిన్న పరికరం అధికారి చేతిలోనే ఉండాలి. పని త్వరగా అవుతుందని డాంగిల్‌నూ పిన్‌నూ ఆపరేటర్‌కు ఇస్తే, ఆ తర్వాత పడే ప్రతి సంతకమూ లెక్క ప్రకారం సక్రమమే, వాస్తవంలో మరొకరిది. ఆ తేడాను ఏ కంప్యూటరూ పట్టుకోలేదు.

చేతులారా చేసే చేటు

ష్నోర్ లెక్కలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న 4 గుర్తుందిగా. దాన్ని ఒక్కసారే వాడాలి. అదే 4తో రెండు సవాళ్లకు జవాబిస్తే ఏమవుతుందో ఇందాకే చూశాం. తేడాలు తీసి చూస్తే 7 బయటపడింది. పద్ధతి నమ్మదగినదని నిరూపించిన లెక్కే, అజాగ్రత్తగా ఉన్నవారి రహస్యాన్ని బయటికి లాగే లెక్క కూడా.

2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే బృందం సరిగ్గా ఇదే చూపించింది. ప్లేస్టేషన్ 3 అనే గేమ్ యంత్రంలో తాను ఆమోదించిన సాఫ్ట్‌వేరే నడవాలని సోనీ సంస్థ దానిపై డిజిటల్ సంతకం చేసేది. ష్నోర్ పద్ధతికి దగ్గరి బంధువైన ఈసీడీఎస్‌ఏను వాడింది. ప్రతి సంతకానికీ కొత్తగా మారాల్సిన సంఖ్య మారకుండా ఉండిపోయింది. రెండు సంతకాలతో ప్రైవేట్ కీ లెక్కకట్టేశారు.

కీ పుట్టేటప్పుడే లోపం ఉంటే ఇంకా కష్టం. ఎస్తోనియాలో ఓటు నుంచి వైద్యం దాకా ఎన్నో పనులు జాతీయ గుర్తింపు కార్డుతో నడుస్తాయి. ఆ కార్డుల్లోని చిప్ కీ తయారీకి కావలసిన ప్రధాన సంఖ్యలను వెతకడానికి అడ్డదారి తొక్కుతోందనీ, దానివల్ల పబ్లిక్ కీ చూసి ప్రైవేట్ కీ రాబట్టవచ్చనీ చెక్ దేశంలోని మసారిక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2017లో కనిపెట్టింది. దాదాపు ఏడున్నర లక్షల కార్డులు ముప్పులో పడ్డాయి. ఎస్తోనియా ప్రభుత్వం ఆ సంగతిని ప్రజలకు బహిరంగంగా చెప్పింది. నవంబరు 3న సర్టిఫికెట్లను నిలిపివేసి, కొత్త కీలు ఇచ్చింది. లోపం రావడం తప్పించుకోలేకపోయినా దాచకుండా సరిదిద్దవచ్చని ఆ చిన్న దేశం చూపించింది.

లెక్క చెడకుండానే మోసం

లెక్కలో ఏ లోపమూ లేకపోయినా మోసం జరగవచ్చు. ఈవో డెస్మెట్, మరికొందరు 1987లో 'మాఫియా మోసం' అని పేరుపెట్టి దీన్ని చూపించారు. మీరు ఒక దుకాణంలో గుర్తింపు చూపిస్తున్నారు. ఆ దుకాణదారు దొంగ. అదే క్షణంలో వాడి మనిషి బ్యాంకు ముందు ఉన్నాడు. బ్యాంకు వేసిన సవాలు మీ దగ్గరికి వస్తుంది, మీ జవాబు బ్యాంకుకు చేరుతుంది. మధ్యలో ఉన్నవాళ్లకు మీ రహస్యం తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నేడు దొంగ వెబ్‌సైట్‌లో మనం కొట్టిన ఓటీపీని క్షణాల్లో అసలు బ్యాంకు సైట్‌లో వేసేసే మోసం ఈ కోవలోదే.

విరుగుడు ఏమిటంటే, జవాబులో అది ఎవరికి ఇస్తున్నామో కూడా కలిసి ఉండాలి. పాస్‌వర్డ్‌కు బదులుగా ఫోన్‌లో ఉండే పాస్‌కీ చేసేది అదే. ఫోన్ చేసే సంతకంలో సైట్ చిరునామా కూడా ఉంటుంది కాబట్టి దొంగ సైట్‌కు ఇచ్చిన జవాబు అసలు సైట్‌లో చెల్లదు. పైగా ఒక్కో సైట్‌కు వేరే కీ జత పుడుతుంది. రెండు సంస్థలు తమ జాబితాలు పక్కపక్కన పెట్టుకున్నా కీలను బట్టి 'ఇద్దరూ ఒకరే' అని తేల్చలేవు. భద్రతా గోప్యతా ఒకే ఏర్పాటుతో దక్కిన సందర్భమిది.

సంతకం మిగిల్చే జాడ

సంతకం శాశ్వతం కావడం మేలు మాత్రమే కాదు. స్పామ్‌ను అరికట్టడానికి చాలా ఈమెయిల్ సర్వర్లు తాము పంపే మెయిళ్ల మీద డీకిమ్ అనే సంతకం వేస్తాయి. మెయిల్ చేరేదాకా పనికొస్తే చాలని వేసిన సంతకమది. 2016లో అమెరికా ఎన్నికల వేళ డెమొక్రటిక్ అభ్యర్థి ప్రచార సారథి జాన్ పొడెస్టా ఈమెయిళ్లను వికీలీక్స్ సంస్థ బయటపెట్టినప్పుడు, వాటిలో అనేకం అసలైనవేనని ఆ సంతకాలే తేల్చాయి. ప్రజలకు ఆ సమాచారం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. రాసిన మనిషి ఎన్నడూ చేయని సంతకం ఆయన సొంత ఉత్తరాలకు శాశ్వత సాక్షి అయింది. ఈ సంతకాలకు వాడిన పాత ప్రైవేట్ కీలను గూగుల్ ఎప్పటికప్పుడు బయటపెట్టేస్తే పాత సంతకాలకు సాక్ష్య విలువ పోతుందని మాథ్యూ గ్రీన్ అనే శాస్త్రవేత్త 2020లో కోరారు. వాట్సాప్ వాడే సిగ్నల్ ప్రోటోకాల్‌లో ఈ జాగ్రత్త ముందే ఉంది. సందేశం ఎవరిదో ఎదుటివారికి రూఢిగా తెలుస్తుంది, దాన్ని మూడోవారికి గణితపరంగా నిరూపించే సంతకం మాత్రం ఉండదు.

సంతకం ఉండాలి, జాడ ఉండకూడదు అంటే? డేవిడ్ చామ్ 1982లోనే దారి చూపారు. కార్బన్ పేపరు అతికించిన కవరులో కాగితం పెట్టి, కవరు పైన అధికారి చేత సంతకం చేయిస్తే లోపలి కాగితం మీద సంతకం పడుతుంది, అందులో ఏముందో అధికారి చూడడు. దీన్నే గణితంలో చేస్తే బ్లైండ్ సిగ్నేచర్. తర్వాత దాన్ని ఎక్కడ చూపించినా అధికారి ముద్ర అసలైనదని తేలుతుంది, ఎవరికి ఇచ్చిందో అధికారికి కూడా తెలియదు. యాపిల్ 2022 నుంచి ఐఫోన్లలో, వచ్చింది మనిషేనని సైట్లకు చెప్పే టోకెన్లకు ఈ పద్ధతి వాడుతోంది. చామ్, వాన్ హేస్ట్ 1991లో చెప్పిన గ్రూప్ సిగ్నేచర్‌తో బృందంలో ఎవరో ఒకరు సంతకం చేశారని మాత్రమే తెలుస్తుంది, వివాదం వస్తే నిర్వాహకుడు పేరు విప్పగలడు. రివెస్ట్, షమీర్, టౌమన్ 2001లో ఇచ్చిన రింగ్ సిగ్నేచర్‌లో ఆ నిర్వాహకుడూ ఉండడు.

మనకు ఎక్కువగా అక్కరకొచ్చేది మరొకటి. ఆధార్‌లోని సెక్యూర్ క్యూఆర్ కోడ్ మీద ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. నకిలీ కార్డును ఇంటర్నెట్ లేకుండానే పట్టేయవచ్చు. ఇది భద్రత. కానీ సంతకం మొత్తం సమాచారం మీద ఉంది కాబట్టి, ఆ కోడ్‌తో పద్దెనిమిదేళ్లు నిండాయని చెప్పడానికి కూడా పేరు, చిరునామా, పుట్టినతేదీ, ఫొటో అన్నీ చూపాలి. కామెనిష్, లిస్యాన్‌స్కాయా 2001లో రూపొందించిన పద్ధతితోనూ, ఆ బాటలో వచ్చిన బీబీఎస్ సంతకాలతోనూ, సంతకం చేసిన పత్రంలో కావలసిన అంశాన్నే చూపించి మిగతావి దాచుకోవచ్చు. సంతకాన్ని కూడా ఉన్నదున్నట్టు చూపరు, అది తన దగ్గరుందని జీరో నాలెడ్జ్ పద్ధతిలో నిరూపిస్తారు. అందువల్ల ఈరోజు ఇక్కడ చూపినదీ రేపు అక్కడ చూపబోయేదీ ఒకరివేనని కలిపి చెప్పలేరు. ఐరోపా సమాఖ్య 2024లో డిజిటల్ గుర్తింపు వాలెట్ చట్టం తెచ్చినప్పుడు, ప్రతిపాదించిన పద్ధతిలో ఈ జాడ మిగులుతోందని అక్కడి శాస్త్రవేత్తలు బాహాటంగా హెచ్చరించి, బీబీఎస్ కోవకు చెందిన సంతకాలు వాడమన్నారు.

రేపటి కంప్యూటర్ల ముందు

పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే మెట్టు నుంచి క్రమసంఖ్య రాబట్టడం సులువైపోతుందని పీటర్ షోర్ 1994లోనే నిరూపించారు. అందుకు సిద్ధపడుతూ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త సంతకాల ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో ముఖ్యమైన ఎంఎల్-డీఎస్‌ఏ కూడా ముందు మాట, సవాలు, జవాబు అన్న వరుసలోనే నడుస్తుంది. జవాబు రహస్యం ఛాయను బయటపెట్టేలా ఉంటే దాన్ని పారేసి మళ్లీ మొదలుపెడుతుంది. నేడు 64 బైట్లలో ఇమిడే సంతకం అందులో కనీసం 2,420 బైట్లు పడుతుంది. చూపించాల్సినంతే చూపించే సంతకాలను ఈ కొత్త గణితంలో తేలిగ్గా నడిచేలా చేయడం పరిశోధకుల ముందున్న పెద్ద పని.

గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో ఏకగ్రీవంగా చెప్పింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, కౌంటర్ దగ్గర అమలు కావాలి. నంబరులో చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, అసలు నంబరుకు బదులు ఇవ్వడానికి 2018లో వచ్చిన వర్చువల్ ఐడీ ఆ దారిలో పడిన అడుగులే. ఇవి ఉన్నాయని తెలిసినవాళ్లు వాడుకోవాలి, తెలియనివాళ్లకు చెప్పాలి. ప్రభుత్వమైనా ప్రైవేటు సంస్థైనా కొత్త గుర్తింపు పద్ధతి తెచ్చినప్పుడు మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ నిరూపించాల్సింది ఏమిటి? దానికి ఎంతవరకు చూపిస్తే సరిపోతుంది? చూపించింది ఎవరి దగ్గర, ఎంతకాలం మిగులుతుంది? అవసరానికి మించి అడిగేవాళ్లు ఇక 'వేరే దారి లేదు' అనడానికి వీల్లేదు. దారి ఉంది. అది అమలు చేయమని గట్టిగా అడగడమే మిగిలింది.